కమినో నడకలో రోజూ దివ్యబలిపూజ: ఏ కాగితాలు, ఏ సామాను, ఎంత బరువు?

ప్రశ్న: రైన్‌తీరం

అందరికీ వందనాలు. నేను జర్మనీలో విచారణ (పారిష్) సేవలో ఉన్న తెలుగు కతోలిక గురువును. నా సొంత మేత్రాసనం (డయోసిస్) ఆంధ్రలోనే ఉంది. 2027 సెప్టెంబర్ 6 నుంచి 20 వరకు ఇక్కడి తెలుగు కుటుంబాలవాళ్లు 9 మందితో కలిసి, స్పెయిన్‌లోని కమినో అనే యాత్రామార్గంలో లియోన్ నుంచి సాంతియాగో దె కొంపొస్తెలా దాకా నడుస్తాం. దాదాపు 310 కిలోమీటర్లు. రాత్రి బస ఆల్బెర్గేల్లో, అంటే యాత్రికుల సత్రాల్లో. రోజూ పూజ ఉండాలని అందరి కోరిక.

నా ప్రశ్నలు ఇవి. స్పెయిన్‌లో పూజ చేయడానికి ఏ కాగితాలు చూపాలి? ద్రాక్షారసం, అప్పాలు (పూజలో వాడే పలుచని గోధుమ రొట్టెలు) రెండు వారాలకూ మోసుకెళ్లాలా, దారిలో దొరుకుతాయా? వస్త్రాలు, పానపాత్ర అన్నీ కలిపి కిలోన్నర లోపు సర్దడం సాధ్యమా? దారి పక్కన ఆరుబయట పూజ చేయవచ్చా?

జవాబు 1: కానన్_903

ఫాదర్, ముందు కాగితాల సంగతి. కతోలిక సభా చట్టంలోని కానన్ 903 ప్రకారం గుడి బాధ్యుడికి మీరెవరో తెలియకపోయినా పూజకు అనుమతించాలి. అయితే మీ మేత్రాణులో (బిషప్), సభా పెద్దలో ఇచ్చిన పరిచయ పత్రం చూపాలి, అది ఏడాది లోపు ఇచ్చినదై ఉండాలి. దాన్నే సెలెబ్రెట్ అంటారు. 2026 ఆగస్టు తేదీ ఉన్న పత్రం 2027 సెప్టెంబర్‌లో పనికిరాదు. చాలామంది తేదీ చూసుకోకుండా పాత కార్డు జేబులో వేసుకుని బయల్దేరతారు, అక్కడే ఇబ్బంది మొదలవుతుంది.

మీది రెండు మేత్రాసనాల వ్యవహారం కాబట్టి రెండు పత్రాలు తీసుకోండి. మీ సొంత మేత్రాణుల నుంచి ఒకటి, ప్రస్తుతం సేవ చేస్తున్న జర్మన్ మేత్రాసనం నుంచి ఒకటి. రెండోదే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే స్పెయిన్ గురువు ఫోన్ చేసి కనుక్కోవాలనుకుంటే ఆ ఆఫీసు అదే సమయ మండలంలో ఉంటుంది. ఫోటో, సీలు, సంతకం, తేదీ, మేత్రాసన కార్యాలయం ఫోన్ నంబరు తప్పనిసరి. లాటిన్‌లో గానీ స్పానిష్‌లో గానీ ఒక ప్రతి ఉంటే మంచిది. తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే ఉన్న ఉత్తరం లియోన్ దాటాక పల్లెటూరి సాక్రిస్టీలో (గుడిలోని వస్త్రాల గదిలో) ఎవరికీ అర్థం కాదు. అసలు పత్రాన్ని నీళ్లు పట్టని ప్లాస్టిక్ కవరులో పెట్టి పాస్‌పోర్టుతో పాటు ఉంచండి.

మీ దారి లియోన్, అస్తోర్గా, లూగో, సాంతియాగో అనే నాలుగు మేత్రాసనాల గుండా పోతుంది. గుళ్లలో పూజకు ఆయా విచారణ గురువు అనుమతి చాలు. గుడి బయట అయితే వేరే సంగతి. కానన్ 932 ప్రకారం పూజ పవిత్ర స్థలంలోనే జరగాలి, అవసరమైతేనే బయట, అదీ గౌరవప్రదమైన చోట. ఆ అవసరం ఉందా లేదా అన్నది స్థానిక మేత్రాణుల నిర్ణయమని రోము ఇచ్చిన పూజ నియమాల పత్రం, 2004 నాటి రెదెంప్సియోనిస్ సాక్రమెంతుం, 108వ పేరా చెబుతుంది. గుడి దగ్గరలోనే తెరిచి ఉంటే, చెట్టు కింద బాగుంటుందని బయట చేయడం అవసరం కిందకు రాదు. అందుకే మూడు నెలల ముందే ఆ నాలుగు మేత్రాసన కార్యాలయాలకు తేదీలు, మంది సంఖ్య రాసి ఈమెయిల్ పంపండి.

దారిలో యాత్రికులు పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం) అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. మీ మేత్రాణులు మీకు ఆ అధికారం స్థిరంగా ఇచ్చి ఉంటే కానన్ 967 రెండో పేరా ప్రకారం అది అన్నిచోట్లా చెల్లుతుంది, ఫలానా చోట అక్కడి మేత్రాణులు కాదంటే తప్ప. అందుకే ఊదా స్తోలాను (మెడలో వేసుకునే పట్టీని) సంచి అడుగున కాకుండా పై జేబులో పెట్టుకోండి.

జవాబు 2: సాక్రిస్టీ_సిస్టర్

ఫాదర్ గారూ, సామాను లెక్క చెబుతాను.

పలుచని పాలియెస్టర్ ఆల్బ్ (తెల్ల నిలువు అంగీ) 350 గ్రాములు. పలుచని చాజుబుల్ (అన్నిటికన్నా పైన వేసుకునే పూజ వస్త్రం) 300 నుంచి 350. అటొక రంగు ఇటొక రంగు ఉన్న స్తోలా 90. మూడు ముక్కలుగా విప్పదీసే చిన్న పానపాత్ర, పళ్ళెం కలిపి 250. గుడ్డలు 100. ద్రాక్షారసం సీసాతో 150. అప్పాల డబ్బా 50. పూజ పుస్తకం 130. కొవ్వొత్తులు, చిన్న సిలువ 80. మొత్తం కిలోన్నర, లేదా కొంచెం పైన. సంచి బరువు శరీర బరువులో పదో వంతు దాటకూడదని నడిచేవాళ్ల లెక్క. 65 కిలోల మనిషికి ఆరున్నర కిలోలు, అందులో పావు వంతు పూజ సామానే అవుతుంది. మీతో 9 మంది ఉన్నారు కాబట్టి పంచుకోవచ్చు. ఒకరికి చాజుబుల్, ఒకరికి ఆల్బ్, ఒకరికి కొవ్వొత్తులు, బల్ల గుడ్డ. పానపాత్ర, పళ్ళెం, కార్పొరల్ (పాత్రల కింద పరిచే గుడ్డ) మాత్రం మీ సంచిలోనే ఉండాలి. ముందుకు పంపే సామాను బండిలో వస్త్రాలు వేయవచ్చు గానీ పాత్రలు వేయకండి.

బరువు తగ్గుతుందని టీషర్టు మీద స్తోలా వేసుకుని చేయడం వద్దు. ఒక్కరే ఉన్నా వస్త్రాలు లేకుండా చేయకూడదని అదే 2004 పత్రం 126వ పేరా స్పష్టంగా చెప్పింది. దారిలో అందంగా కనబడే పింగాణీ కప్పు, చెక్క గిన్నె, గాజు గ్లాసు పానపాత్రగా పనికిరావు, అది 117వ పేరా. లోపల బంగారు పూత ఉన్న లోహ పాత్ర కావాలి. విప్పదీసే పాత్ర కొనేటప్పుడు ఒకటి చూడండి: మరలు గిన్నె అడుగున బయట వైపు ఉండాలి. మర గిన్నె లోపలి దాకా వచ్చే రకాల్లో ఆ సందులో తడి నిలిచిపోతుంది, శుద్ధి చేయడం కష్టం. ఇంట్లో నీళ్లు పోసి పది నిమిషాలు పొడి గుడ్డ మీద నిలబెట్టి చూడండి.

రంగుల విషయం. మీ తేదీల్లో సెప్టెంబర్ 8 మరియమాత జన్మదినం, తెలుపు. 13 పునీత జాన్ క్రిసొస్తోము, తెలుపు. 14 పవిత్ర సిలువ ఉత్సవం, ఎరుపు. 15 వ్యాకులమాత, తెలుపు. 16 పునీత కొర్నేలియు, సిప్రియానులు, ఎరుపు. 20 కొరియా వేదసాక్షులు, ఎరుపు. 12, 19 ఆదివారాలు, పండుగ లేని మిగతా మామూలు రోజులు, ఆకుపచ్చ. అంటే మూడు రంగులూ కావాలి. తెలుపు-ఎరుపు స్తోలా ఒకటి, ఆకుపచ్చ-ఊదా ఒకటి తెస్తే పాపసంకీర్తనానికీ అదే సరిపోతుంది. చాజుబుల్ ఒక్కటే, తెలుపు-ఎరుపు తిరగేసి వేసుకునేది చాలు. ఆకుపచ్చ రోజుల్లో వీలైనంతవరకు గుడిలోనే చేసి, అక్కడి వస్త్రాలు అడగండి.

ద్రాక్షారసం: ఒక పూజకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు చాలు. 15 పూజలకు 150 నుంచి 225. కానీ సగం రోజులు గుడిలో సహపూజ (అక్కడి గురువుతో కలిసి చేసే పూజ) అవుతుంది కాబట్టి 100 మిల్లీలీటర్ల సీసా సరిపోతుంది. చాలా విమానాశ్రయాల్లో చేతి సంచిలో అనుమతించేదీ అంతే. తగ్గితే లియోన్‌లోనో అస్తోర్గాలోనో సాక్రిస్టీలో అడిగి నింపుకోండి. స్పెయిన్‌లో వీనో దె మీసా అనే పూజ ద్రాక్షారసం సాధారణంగా తియ్యగా, బంగారు రంగులో, ద్రాక్ష సారాతో బలపరిచి ఉంటుంది. ఇది తెరిచాక కూడా మామూలు రసం కన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది, గుడ్డల మీద మరక కూడా పడదు. సూపర్ మార్కెట్‌లో సంగ్రియా, తింతో దె వెరానో అని దొరికేవి పనికిరావు. వాటిలో పళ్ల రసం, సోడా కలుపుతారు.

సీసాను మెడ దాకా నింపండి. పైన గాలి మిగిలితే ఎండకు త్వరగా పులుస్తుంది. సంచి వెలుపలి జేబులో పెట్టకండి, బట్టల మధ్యలో పెట్టండి. ప్రతి పూజకు ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది చెల్లని పదార్థం, పారబోసేయండి.

తెల్ల రసంతో ఒక ప్రమాదం ఉంది. నీళ్ల సీసా, రసం సీసా ఒకేలా ఉంటే తెల్లవారుజామున చీకట్లో తారుమారవుతాయి. రసం సీసా మూతకు ఎర్ర దారం కట్టండి. ఒకవేళ పానపాత్రలో ఉన్నది నీళ్లేనని ప్రతిష్ఠ తర్వాత తెలిస్తే, రోమన్ పూజాగ్రంథ సూచనల 324వ పేరా దారి చెబుతుంది. ఆ నీళ్లను వేరే పాత్రలో పోసి, రసం, చుక్క నీళ్లు పోసి, పాత్రకు సంబంధించిన మాటలు చెప్పి ప్రతిష్ఠించాలి. అప్పాన్ని మళ్లీ ప్రతిష్ఠించనక్కర్లేదు.

కలిపే నీళ్లకు 50 మిల్లీలీటర్ల వేరే సీసా పెట్టుకోండి. నడిచేవాళ్ల నీళ్లలో ఓఆర్‌ఎస్ పొడి కలిసి ఉంటుంది, ఆ నీళ్లు పాత్రలో పోయకూడదు.

జవాబు 3: దారి_గుర్తు

ఫాదర్, సిస్టర్ గారి లెక్కలో సగం సామాను తగ్గించే దారి ఒకటుంది: కిట్ మీద ఆధారపడకుండా దారిలోని గుళ్ల పూజ సమయాల చుట్టూ మీ మజిలీలు వేసుకోండి. కిట్ అత్యవసరానికి మాత్రమే.

స్పెయిన్ పల్లెల్లో ఒక్కో గురువుకు చాలా విచారణలు ఉంటాయి. గుడి రోజంతా తాళం వేసి ఉంటుంది, మామూలు రోజుల్లో పూజ సాయంత్రం 7, 8 గంటలకు. అదీ అన్ని ఊళ్లలో రోజూ ఉండదు. కాబట్టి ఉదయం బయల్దేరే ముందు పూజ అన్న మన అలవాటు ఇక్కడ సాగదు. పొద్దున్న 6కు నడక మొదలుపెట్టి మధ్యాహ్నానికి చేరి, విశ్రాంతి తీసుకుని, సాయంత్రం పూజ. ఆల్బెర్గేలు రాత్రి 10కి తలుపులు వేస్తాయి కాబట్టి పూజ, భోజనం రెండూ ఆ లోపు కావాలి. పూజకు గంట ముందు ఉపవాసం గుర్తుంచుకుని భోజనం పూజ తర్వాతే పెట్టుకోండి.

మీ దారిలో నమ్మదగిన చోట్లు: లియోన్ కతెద్రల్, అస్తోర్గా, రబనాల్‌లో బెనెడిక్టీన్ సన్యాసుల మఠం (సాయంకాల ప్రార్థన గ్రెగోరియన్ గానంతో ఉంటుంది), పొన్‌ఫెర్రాదా, విల్యాఫ్రాంకా, ఓ సెబ్రెయిరో, సర్రియా. ఓ సెబ్రెయిరోలో ఫ్రాన్సిస్కన్ గురువులున్నారు, దివ్యసత్ప్రసాద అద్భుతానికి చెందిన పానపాత్ర, పళ్ళెం అక్కడే భద్రపరిచారు. అక్కడ పూజ దొరికేలా మజిలీ వేసుకోమని గట్టిగా చెబుతాను. కొండ పైకి ఏటవాలు ఎక్కుడు, త్వరగా బయల్దేరండి. సెప్టెంబర్ 8 పొన్‌ఫెర్రాదాలో ఎన్‌సీనా మాత పండుగ, ఆ రోజు అక్కడుంటే బస ముందే ఖాయం చేసుకోవాలి.

సాక్రిస్టీకి పూజకు కనీసం అరగంట ముందు వెళ్లి, సెలెబ్రెట్ చేతిలో పెట్టి ఇలా చెప్పండి: "సోయ్ సాథెర్దోతె కతోలికో. పుయేదో కోన్‌థెలెబ్రార్?" అంటే, నేను కతోలిక గురువును, సహపూజ చేయవచ్చా అని. స్పెయిన్‌లో ఎ, ఇ ముందు వచ్చే సి అక్షరాన్ని థ లాగే పలుకుతారు. స్పానిష్ పుస్తకంలో మీ వంతు ముందే చూసుకుంటే చాలు. లాటిన్ అమెరికా ముద్రణలో 'మీరు' అనే మాటకు ఉస్తెదెస్ వాడతారు, స్పెయిన్‌లో వోసోత్రోస్. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో పాఠం కాకుండా స్పెయిన్ ముద్రణ పాఠమే ప్రింట్ తీసుకోండి. మీ బృందంతో మాత్రమే ఉంటే తెలుగులో చేసుకోవచ్చు. భాష ఏదీ కుదరని చోట లాటిన్ ఎక్కడైనా చెల్లుతుంది.

2027 జులై 25 ఆదివారం, కాబట్టి అది యాకోబు పవిత్ర సంవత్సరం. సాంతియాగోలో జనం మామూలు కన్నా చాలా ఎక్కువ ఉంటారు. కతెద్రల్‌లోకి పెద్ద బ్యాక్‌ప్యాక్‌లు రానివ్వరు, ముందే బసలో దింపుకుని ఆల్బ్, స్తోలా మాత్రం చిన్న సంచిలో తీసుకెళ్లండి. ఎక్కువమంది గురువులు సహపూజ చేసేటప్పుడు ఆల్బ్ మీద స్తోలా చాలు.

రైన్‌తీరం

ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. గుడి దొరకని రోజు ఆల్బెర్గే భోజనాల గదిలో చేసుకోవచ్చా? ఇండియాలో చిన్న బృందాల పూజకు అంగవస్త్రంతో చేస్తాం కదా, బరువు తగ్గుతుంది, అది ఇక్కడ కుదురుతుందా? పైగా 9 మందికి అప్పాలు ఎన్ని?

జవాబు 4: గుణదల_దారి

ఫాదర్, అంగవస్త్రం సంగతి. 1969లో భారత మేత్రాణుల సమాఖ్య కోరిన పన్నెండు అంశాల్లో వస్త్రాలను సరళం చేయడం, ఒక నిలువు అంగీ మీద అంగవస్త్రం వేసుకోవడం ఉంది, రోము దానికి ఒప్పుకుంది. అది భారతదేశానికి ఇచ్చిన అనుమతి. స్పెయిన్‌లో మీరు అక్కడి నియమాల కింద ఉంటారు, కాబట్టి ఆల్బ్, స్తోలా, చాజుబుల్ తప్పవు. మన గుణదల, వేళాంగణి పాదయాత్రల్లో చేసినట్టు అక్కడ చేయలేం.

భోజనాల గది కూడా వద్దు. పెద్ద అవసరం ఉంటే తప్ప భోజనం బల్ల మీద, భోజనాల గదిలో పూజ చేయకూడదని రెదెంప్సియోనిస్ సాక్రమెంతుం 77వ పేరా. ఆల్బెర్గేలో వేరే గదో, వరండానో, పెరడో అడగండి. నడిపేవాళ్లలో చాలామంది సంతోషంగా ఇస్తారు. ఊళ్లో గుడి తాళం చెవి పక్కింటి ముసలమ్మ దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, ముందు ఆమెను అడగండి, ఆ తర్వాతే మిగతావి.

ఆరుబయట చేయాల్సి వస్తే గాలే పెద్ద శత్రువు. పలుచని అప్పం చదునైన పళ్ళెం మీద నుంచి ఎగిరిపోతుంది. అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం, చిన్న అప్పాలకు మూత ఉన్న పిక్స్ (చిన్న డబ్బా) వాడండి. బల్ల మీద గుడ్డ పరిచి, బట్టలారేసే క్లిప్పులతో నాలుగు మూలలా బిగించండి. ఆ పైన కార్పొరల్. సిలువ మీద క్రీస్తు రూపం ఉండాలి. తియ్యటి రసం వాసనకు సెప్టెంబర్‌లో కందిరీగలు వస్తాయి, పానపాత్ర మీద మూతగుడ్డ తప్పనిసరి. అట్టముక్క మీద తెల్ల గుడ్డ కుట్టిన 12 సెంటీమీటర్ల చదరం చాలు, బరువేమీ ఉండదు.

కొవ్వొత్తులు రెండు వెలగాలి. గాలికి ఆరిపోకుండా చిన్న లోహపు డబ్బాలో ఉన్నవి తీసుకోండి. అయితే వేసవి చివర స్పెయిన్‌లో అడవి మంటల ప్రమాదం వల్ల బయట నిప్పు వెలిగించడం నిషేధించే రోజులుంటాయి. ఆ రోజు బయట పూజ ఆలోచనే మానుకుని గుడి వెతకండి. లైటర్ అక్కడే కొనుక్కోండి, విమానంలో తేవద్దు.

పూజ ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం ముఖ్యం. నడిచేవాళ్లు బొబ్బలు రాకుండా పాదాలకు వ్యాజలైన్ పూస్తారు, ఆ జిడ్డు వేళ్లకు అంటుకుంటే అప్పం తునకలు వేళ్లకే పట్టుకుంటాయి. శానిటైజర్ వాసన కూడా అప్పానికి ఎక్కుతుంది.

జవాబు 5: సాక్రిస్టీ_సిస్టర్

అప్పాల లెక్క. రోజుకు పెద్దది ఒకటి, చిన్నవి 9. 15 రోజులకు 15 పెద్దవి, 135 చిన్నవి. కానీ సగం రోజులు గుళ్లో కాబట్టి 8 పెద్దవి, 80 చిన్నవి చాలు. దారిలో చేరే ఇతర యాత్రికులకు కూడా అందులోనే సరిపోతాయి. పెద్దది విరిగితే చిన్నదానితో కూడా గురువు పూజ చేయవచ్చు. గోధుమ పిండి, నీళ్లు మాత్రమే ఉన్నవి కావాలి. మీ బృందంలో గోధుమ పడనివాళ్లుంటే గ్లూటెన్ పూర్తిగా తీసేసినవి చెల్లవు, బాగా తగ్గించినవి కావాలి. ఇంటి దగ్గరే అవి తెప్పించుకోండి, దారిలో దొరకవనే అనుకోండి.

ప్లాస్టిక్ సంచి వద్దు, నలిగిపోతాయి. మూత బిగుతుగా ఉండే గట్టి డబ్బా, ఖాళీ చోటు లేకుండా తెల్ల టిష్యూతో నింపండి. గలీసియాలో వాన ఎక్కువ, గాలి తేమకు అప్పాలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. డబ్బాను జిప్ కవరులో పెట్టండి.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇదే. పూజకు ముందు ఎంతమంది స్వీకరిస్తారో తల లెక్క పెట్టి, అన్నే ప్రతిష్ఠించండి. "కొన్ని ఎక్కువ ఉంటే రేపటికి ఉంటాయి" అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. విశ్వాసుల సేవకు అవసరం ఉండి, మేత్రాణుల నియమాలు పాటిస్తే తప్ప ప్రయాణంలో దివ్యసత్ప్రసాదాన్ని వెంట ఉంచుకోకూడదని కానన్ 935 చెబుతుంది. 40 మంది పడుకునే ఆల్బెర్గే గదిలో, మంచం కింద సంచిలో ప్రభువును ఉంచడం ఏ రకంగానూ తగదు. మిగిలితే అక్కడే స్వీకరించేయండి, లేదా ఊరి గుడి దివ్యమందసానికి చేర్చండి. పళ్ళెం, పాత్ర 20, 30 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్లతో శుద్ధి చేసి అక్కడికక్కడే తాగేయండి. "బసకు వెళ్లాక చేద్దాం" అని వాయిదా వేయకండి.

గుడ్డలు: ప్యూరిఫికేటర్లు (పాత్ర తుడిచే గుడ్డలు) 5, కార్పొరల్ 2, చేతి తువ్వాలు 1. కార్పొరల్ మడత విప్పేటప్పుడు తునకలు దులపకూడదు, మడిచిన తీరునే విప్పాలి. ఉతికేటప్పుడు మొదటి కడుగు చేత్తో, గిన్నెలో నానబెట్టి చేయాలి. ఆ నీళ్లను ఆల్బెర్గే సింకులో పోయకూడదు, తొక్కని చోట నేలలో పోయాలి, లేదా గుడిలో అందుకోసమే ఉన్న గుంటలో. ఆ తర్వాతే మామూలు ఉతుకు. వాషింగ్ మెషీన్‌లో ఇతరుల సాక్సులతో కలిపి మొదటి కడుగు ఎన్నడూ వద్దు. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరని రోజులుంటాయి, అందుకే 5.

జవాబు 6: కానన్_903

రెండు చిన్న సంగతులు మిగిలాయి. ఒకటి, ప్రాణాపాయం ఎదురైతే పనికొచ్చేలా వ్యాధిగ్రస్తుల తైలం వెంట ఉంచుకోవచ్చు, కానన్ 1003 ప్రతి గురువుకూ ఆ అనుమతి ఇస్తుంది. చిన్న డబ్బాలో దూదికి పీల్చేలా పోసి, రెండు కవర్లలో వేయండి. ద్రవంగా ఉంటే ఎండకు కారి వస్త్రాలకు అంటుతుంది.

రెండోది, పూజ ఉద్దేశాలు, అంటే ఎవరి కోసం పూజ అర్పించమని అడిగారో అవి. జర్మనీ నుంచి తెచ్చుకున్న ఉద్దేశాల జాబితా చిన్న నోటుపుస్తకంలో రాసి, ఏ పూజకు ఏది అర్పించారో ఆ రోజే టిక్ పెట్టండి. సహపూజ చేసిన రోజు మీ ఉద్దేశం మీదే, కానీ అదే రోజు మరో పూజ చేస్తే రెండో అర్పణ (పూజకు ఇచ్చే కానుక) మీరు ఉంచుకోకూడదు, కానన్ 951. మీరు విచారణ కర్తగా నియమితులైతే, కానన్ 534 ప్రకారం 12, 19 ఆదివారాల్లో మీ ప్రజల కోసం పూజ చేయాలి. ఆ తేదీల ముందు పేజీలో ఆ మాట ఇప్పుడే రాసుకోండి.